సముద్రపు నాచుకి సిరిసిల్ల బట్ట

నేను సిరిసిల్ల వెళ్ళింది బట్ట కోసం. ఒంటికి కట్టుకునేది కాదు, రాళ్ళకి కట్టేది. ఈ మాట చెప్పగానే బస్సులో పక్క సీటావిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, సంచీ ఒళ్ళోకి లాక్కుని, కిటికీ వైపు తిరిగింది. ఆవిడ తప్పేం లేదు. మా ఊళ్ళో జాలర్లు కూడా నన్ను పాచమ్మ అంటారు. అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వినపడదు.

మాది భీమిలికి ఉత్తరాన, సముద్రం ఒడ్డు. ఇరవై మూడేళ్ళు ఒక పరిశోధన కేంద్రంలో సహాయకురాలిగా చేశాను. నెలకి రెండుసార్లు, నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, రాళ్ళబారు మీదికి వెళ్ళి గోధుమరంగు సముద్రపు నాచుని కొలవడమే నా పని. దాన్ని సర్గాసం అంటారు. చల్లటి సముద్రాల్లో తాటిచెట్టంత పెరిగే కెల్ప్ అనే నాచుకి ఇది దూరపు చుట్టం. మన దగ్గర నడుమెత్తు దాటదు. వానలు పడ్డాక రాతికి అంటుకున్న మొదట్లోంచి చిగురేస్తుంది. కార్తీకం దాకా పెరుగుడే పెరుగుడు. చలి ముదిరాక పెరగడం మానేసి, ఆకుల పక్కన చిన్న చిన్న కాయల్లాంటివి వేస్తుంది. అమావాస్య, పౌర్ణమి పోటులకి వాటిలోంచి గుడ్లు బయటికొచ్చి, ఫలదీకరణమై, పిల్లలై రాలతాయి. రాలిన పిల్ల ఒకటి రెండు రోజుల్లో దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి. లేకపోతే అంతే సంగతులు. ఎండాకాలానికి పెద్ద మొక్కలన్నీ కుళ్ళి ఒడ్డుకి కొట్టుకొస్తాయి, మొదలు మాత్రం రాతికి మిగులుతుంది.

ఆ రాళ్ళబారు మీదికే ఇప్పుడు జెట్టీ గోడ వస్తోంది. మార్చికల్లా రాళ్ళన్నీ కాంక్రీటు కిందికి పోతాయి. కేంద్రంలో మా పని ఎప్పుడో ఆపేశారు. నాకు నేర్పిన సారు పోయి నాలుగేళ్ళు. మిగిలింది నేనూ, నా నోటు పుస్తకాలూ. ఈ చలికాలం రాలే పిల్లల్ని ఎలాగైనా పట్టి, మూడు మైళ్ళ అవతలి కొండకొన దగ్గర దింపాలని నా పట్టుదల. కొబ్బరితాడు కట్టి చూశాను, అలకి పోయాయి. నైలాను మీద నిలవనే లేదు. చివరికి రాతి సందులో ఇరుక్కున్న పాత నూలు తువ్వాలు ముక్క ఒకటి దొరికింది. దాని మీద పిల్లలు ఒత్తుగా మొలిచి ఉన్నాయి. నూలైతే మొక్క వేరు బట్టని దాటి రాతిని పట్టుకునేసరికి తనంతట తాను కుళ్ళిపోతుంది కూడా. అలాంటి ముతక బట్ట తానుగా కావాలంటే విశాఖలో బట్టల కొట్టాయన సిరిసిల్ల వెళ్ళమన్నాడు. అప్పటికి జనవరి మొదటి వారం. అమావాస్యకి పన్నెండు రోజులే ఉంది.

సిరిసిల్ల: మొదటి రోజు

మా ఊళ్ళో నిద్ర లేపేది సముద్రం హోరు. అక్కడ మరమగ్గాల టకటక. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా అదే చప్పుడు. వాటిని అక్కడ సాంచాలంటారు. నలుగురిని అడిగితే నలుగురూ పాలియెస్టరే నేస్తామన్నారు. ఐదో గుమ్మం రాజేశంది. ఎనిమిది సాంచాల ఆసామి, అంటే పెద్ద యజమానుల దగ్గర నూలు తెచ్చుకుని నేసి ఇచ్చేవాడు. యాభై ఏళ్ళుంటాయి, చెవి మీద పెన్సిలు. మూలన ఆయన భార్య లలిత కండెలకి నూలు చుడుతోంది.

"ఏం బట్ట గావాలె మేడం?" అన్నాడు.

"ముతక నూలు బట్ట. పేక దూరం దూరంగా ఉండాలి. నూలు నూగు లేచి ఉండాలి. నున్నగా ఉండకూడదు."

"ఎవలకు?"

"సముద్రపు నాచుకి."

"పాచికా? దానికి బట్టెందుకు?"

చెప్పడం మొదలుపెట్టాను. గుడ్ల దాకా వచ్చేసరికి ఆయన ఫోను మోగింది. మాట్లాడుతూ బయటికి వెళ్ళి, తిరిగొచ్చి, "ఎన్ని మీటర్లు?" అన్నాడు. నేను చెప్పేది ఎప్పుడూ గుడ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇరవై మూడేళ్ళుగా అంతే.

"నలభై."

"ఒక సాంచ మీద కాటన్ పడుగు మిగిలున్నది. సరిగ్గ నలభై మీటర్లస్తది. దానికి గంజి ఉంటది, లేకుంటే పోగులు తెగుతయి. ఉడుకు నీళ్లల్ల కడుక్కుంటే పోతది. నాలుగో రోజు రాండ్రి."

సరేనని బయటపడ్డాను. మధ్యాహ్నం ఒక మెస్సులో భోజనం తొంభై రూపాయలు. అన్నంతో పాటు గిన్నెలో పలుచటి పులుసు పెట్టారు. చారనుకుని, చల్లగా ఉంది కాస్త వేడి చేసి ఇస్తారా అని అడిగాను. వడ్డించే ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"పచ్చిపులుసమ్మా అది. పొయ్యి మీద వెడితే ఇగ పచ్చిపులుసెట్లయితది?"

చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఉల్లిపాయ ముక్కలు పంటికి తగులుతుంటే రెండోసారి పోయించుకున్నాను. బాగుంది. బాగుందని చెప్పడానికి ఎదురు కుర్చీలో ఎవరూ లేరు. చేతిసంచీ ఉంది.

జగిత్యాల: మామిడి కొమ్మ

మూడు రోజులు గదిలో కూర్చుని గోడలు చూడలేను. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచుని మా ఊరి ఆడవాళ్ళు ఎండబెట్టి అమ్ముతారు. అది ఎక్కడో మరిగి ద్రవమై, మొక్కల మందుగా సీసాల్లో ఈ వైపుకే వస్తుందని విన్నాను. చూద్దామని జగిత్యాల బస్సెక్కాను. ఎరువులు, పురుగుమందుల కొట్లో అడిగితే సీసా చూపించాడు. మీద అచ్చేసిన మొక్క బొమ్మ మా సముద్రంలో ఎక్కడా పెరగదు. ఏ దేశపు బొమ్మో.

అదే మందు కొనడానికి వచ్చిన లచ్చయ్య అనే పెద్దాయన, నేను ఆ నాచు ఒడ్డు నుంచే వచ్చానని తెలిసి నన్ను వదల్లేదు. పెగడపల్లి దారిలో తనకి మామిడితోట ఉందట. ఆటోలో తీసుకెళ్ళాడు. దారంతా తన మోకాళ్ళ గురించి చెప్పాడు. తోటలో ఒక చెట్టు కింద ఆగి రెండు కొమ్మలు వంచి పట్టుకున్నాడు. ఒకదానికి రాగిరంగు లేత చిగురు, రెండోదానికి పూత.

"సూడు బిడ్డా. చిగురేసిన కొమ్మకు ఈయేడు పూత లేనట్టే. అది పెరుగుతాంది గద. పెరిగే కొమ్మ కాయది, కాసే కొమ్మ పెరుగది."

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. మా మొక్క కూడా సరిగ్గా అంతే అన్నాను. పెరిగేటప్పుడు పెరగడమే, చలి ముదిరితే పెరుగుదల ఆపేసి కాపు. ఏ నెలలో ఎంత చలికి ఆగుతుందో చెప్పాను. కొమ్మకి వేసే కాయల సైజు కూడా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివరికి సీసా పైకెత్తి అడిగాడు.

"గయన్ని సరే. గీ మందు కొడితే నా పూత నిలుస్తదా?"

"నాకు తెలియదు తాతా. నేను కొలిచేదాన్ని, మందు చేసేదాన్ని కాదు."

ఆయన ముఖం వాడిపోయింది. అంత దూరం ఆటోలో తీసుకొచ్చింది ఆ ఒక్క మాట కోసమే. అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు. చాయ్ తాగించి, తిరుగు ఆటో మాట్లాడిపెట్టి, తోట లోపలికి వెళ్ళిపోయాడు. ఆటో వచ్చేదాకా ఆ చెట్టు కింద నేనే నిలబడ్డాను. పూత చుట్టూ చిన్న ఈగలు ముసురుతున్నాయి.

కోరుట్ల: ఎవలున్నరు

మర్నాడు వెళ్ళిన కోరుట్ల చుట్టూ పసుపు చేలు. అప్పటికి ఆకులు ఎండి వాలిపోయి, అక్కడక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. పైన మొక్క చచ్చినట్టు కనపడుతుంది, సరుకంతా కింద ఉంటుంది. వేసవిలో మా నాచు మొదళ్ళు కూడా అలాగే ఉంటాయని చేను గట్టు మీద నాలో నేను అనుకున్నాను. పైకి అంటే వినేవాళ్ళు లేరు. తవ్వే ఆడవాళ్ళు నన్ను వ్యవసాయ శాఖ నుంచి వచ్చిన మనిషని అనుకుని తలలు వంచుకున్నారు.

ఆ సాయంత్రం గది దొరకలేదు. అంటే దొరికింది, ఒంటరి ఆడమనిషికి ఇవ్వనన్నాడు లాడ్జివాడు. రెండో లాడ్జిలో ఆధార్ కార్డు రెండువైపులా నాలుగుసార్లు తిప్పి చూసి, ఆరు వందలు తీసుకుని తాళం ఇచ్చాడు. లాడ్జి పక్క ఇంటి అరుగు మీద రాజవ్వ అనే ఆవిడ చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అరవై దాటి ఉంటాయి. నేను మెట్ల మీద కూర్చుని అరటిపండు తింటుంటే పిలిచింది.

"పండుతోని కడుపెట్ల నిండుతది బిడ్డా? ఇటు రా."

సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకి అద్ది కాల్చినది. అంచు కరకర, నడుమ మెత్తన. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సగం కారానికే. నేను తింటుంటే ఆవిడ బీడీల వైపు చూడకుండానే చుడుతూ ప్రశ్నలు వేసింది.

"పిల్లలెందరు?"

"లేరు."

"మొగడేం జేస్తడు?"

"పెళ్ళి చేసుకోలేదు."

"తల్లిదండ్రులు?"

"పోయారు."

"మరి ఎవలున్నరు?"

పని ఉంది అందామనుకున్నాను. పనిని ఎవరైనా మనుషుల్లో లెక్కేస్తారా? సారుండేవారు అందామనుకున్నాను. ఆయన బంధువు కాదు, పైగా లేరు. సర్వపిండి ముక్క చేతిలో అలాగే ఉండిపోయింది. రాజవ్వ జాలి పడలేదు. అయ్యో అని కూడా అనలేదు. ఒక బీడీకి దారం చుట్టి, చేటలో పడేసి, "తిను, సల్లారిపోతది" అంది. గదికి వెళ్ళి పడుకున్నాక ఆ ప్రశ్నకి జవాబు వెతికాను. నాకు ఎవరూ లేరు. ఈ మాట ముందెప్పుడూ ఇంత సూటిగా అనుకోలేదు. ఆ నాచు కూడా పోతే చలికాలం పొద్దున్నే లేవడానికి నాకు కారణం ఉండదు. భయం వేసింది.

మళ్ళీ సిరిసిల్ల

నాలుగో రోజు పొద్దున్నే రాజేశం గుమ్మంలో ఉన్నాను. నన్ను చూసి ముఖం విప్పార్చి, తానుని బల్ల మీద పరిచాడు.

అంత మంచి నూలు బట్ట నేనీమధ్య చూడలేదు. పేక దగ్గర దగ్గరగా, ఎక్కడా సందు లేకుండా, చెయ్యి వేస్తే జారిపోతోంది. అంచులు గీత గీసినట్టున్నాయి. ముడులన్నీ విప్పి, లేచిన కొసలన్నీ కత్తెరతో తీసేశారు. ఆ పని మీద ఇద్దరు ఆడవాళ్ళు ఒక పూటంతా కూర్చున్నారట.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఎట్లున్నది?"

"నేను ముతకది అడిగాను కదా. సందులుండాలని, నూగుండాలని."

"అడిగిండ్రు. మీకు బట్ట సంగతి తెల్వదనుకున్న మేడం. ఎవలన్న ఖరాబుగ నెయ్యిమని అడుగుతరా? గంత దూరం నుంచి అచ్చిండ్రు, ముప్పై మీటర్లు మంచిగ నేసిన. నూలు గూడ మంచిదే వెట్టిన, నా దిక్కుకెల్లి."

నాకు కోపం ఆగలేదు. ఎనిమిది రోజుల్లో అమావాస్య ఉందని, ఇది ఆ నాచుకి చివరి చలికాలమని, నున్నటి బట్ట మీద ఒక్క పిల్ల కూడా నిలవదని, ఎవరినడిగి మంచిది నేశారని గట్టిగా అరిచాను. సాంచాల చప్పుడులో అరుపు సగం పోయింది. మిగతా సగం ఆయనకి బాగానే తగిలింది. చెవి మీది పెన్సిలు తీసి చూసుకుంటూ నిలబడ్డాడు.

"సాంచ మీద చెయ్యి వెట్టినంక ఖరాబు నేసుడు నాతోని గాలేదు," అన్నాడు మెల్లిగా.

లలిత కండెలు పక్కన పెట్టి దగ్గరికొచ్చింది.

"అక్కా, గా పిల్లలు దేన్ని పట్టుకుంటయి?"

చెప్పాను. తల్లి మొక్కనుంచి రాలిన పిల్ల చుక్కంత ఉంటుందని, అడుగున నాలుగు సన్నటి పోగుల్లాంటి వేళ్ళు దించుతుందని, ఆ పోగు దూరడానికి సందు కావాలని, చిక్కుకోవడానికి నూగు కావాలని, అల వచ్చేలోపు పట్టు దొరకకపోతే కొట్టుకుపోతుందని. గుడ్ల దగ్గర ఎవరూ నన్ను ఆపలేదు. ఆవిడ మధ్యలో కదల్లేదు. అంతా విని మగడి వైపు తిరిగింది.

"ఇంక పది మీటర్ల పడుగున్నది గద. నేను నేస్త. వేస్టు నూలు పేకకు వెడుత. నువ్వు చక్రం మార్చు."

పేక దగ్గరగా పడాలా దూరంగా పడాలా అన్నది ఒక పళ్ళ చక్రం మీద ఉంటుందట. రాజేశం పాత చక్రం విప్పి ఇంకోటి బిగించాడు. బిగించి, చేతులు తుడుచుకుని, బయటికి వెళ్ళి గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు. సాంచ మొదలయ్యాక ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే గుమ్మానికి అడ్డంగా జరిగి నిలబడుతున్నాడు, లోపలేం నేస్తున్నారో కనపడకుండా.

వేస్టు నూలు లావుగా, నూగు నూగుగా ఉంది. గజానికి రెండుసార్లు తెగుతోంది. తెగినప్పుడల్లా లలిత సాంచ ఆపి, ముడేసి, కొస కత్తిరించబోయి, నా వైపు చూసి, వదిలేసేది. చెయ్యి అలవాటు కొద్దీ కత్తెర మీదికే పోతోంది. నేను కండెలు అందించాను. మూడుసార్లు తప్పు కండె ఇచ్చాను. సాయంత్రానికి పది మీటర్లు పూర్తయింది. జల్లెడకీ గోనెసంచికీ మధ్య ఏదోలా ఉంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

రాజేశం లోపలికొచ్చి దాన్ని తిప్పి కూడా చూడకుండా మడతపెట్టి, రెండు పొరల న్యూస్ పేపరు చుట్టి, సుతిలి తాడు కట్టాడు. తను నేసిన తాను విడిగా ఇచ్చాడు.

"అక్కా, ఒక్కటి యాదికుంచుకోండ్రి. గీ బట్ట మా సాంచ మీద నేసిందని ఎవలకు చెప్పకుండ్రి."

అందుకే ఇక్కడ పేర్లు మార్చాను.

తీరం

బట్ట రెండుసార్లు వేడినీళ్ళలో ఉడికించి గంజి వదలగొట్టాను. తలకాయంత రాళ్ళు ఏరుకుని సగానికి లలిత బట్ట, సగానికి రాజేశం బట్ట చుట్టాను. ఆయనది ఊరికే పారేయడానికి మనసొప్పలేదు. అమావాస్యకి రెండు రోజుల ముందు నడుం లోతు నీళ్ళలో తల్లి మొక్కల కింద వరసగా పెట్టాను. వారం తర్వాత ఒక తెప్ప మాట్లాడుకుని, తడి గోనెలు కప్పి, రాళ్ళని కొండకొనకి చేర్చాను. తెప్పాయన రాళ్ళకి గుడ్డలు చుట్టిన పిచ్చిదాన్ని నేనేనని ఊళ్ళో అందరికీ చెప్పాడు.

ఫిబ్రవరిలో భూతద్దం పెట్టి చూస్తే ఏదీ తెలియలేదు. అంతా బురద. మార్చిలో లారీలు వచ్చాయి. రెండు రోజుల్లో రాళ్ళబారు సగం పోయింది. మిగతా సగం పోయేటప్పుడు నేను చూడటానికి వెళ్ళలేదు. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను.

ఏప్రిల్ మొదట్లో నీళ్ళు బాగా తీసిన పొద్దున కొండకొనకి వెళ్ళాను. లలిత బట్ట చాలావరకు కుళ్ళిపోయింది. పీలికల మధ్యనుంచి, రాతిని పట్టుకుని, బియ్యపుగింజంత గోధుమరంగు మొక్కలు. ఒక రాయి మీద డెబ్భై దాకా లెక్కపెట్టి, చూపు మసకేసి, ఆపేశాను. చుట్టూ చూశాను. చెప్పడానికి ఒడ్డున పీత కూడా లేదు. రాతి మీద కూర్చుని లలితకి ఫోన్ చేశాను.

అవతల సాంచాల హోరు. "అక్కా, వినవస్తలేదు," అంటోంది. పిల్లలు పట్టాయి, పట్టాయి అని అరిచాను. ఏంది, ఏంది అంటోంది. ఇంతలో ఒక సాంచ ఆగింది. తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కటే ఆగుతూ ఎనిమిదీ ఆగాయి. కరెంటు పోయిందేమో అనుకున్నాను. ఫోన్లోకి రాజేశం వచ్చాడు.

"ఆపిన. ఇప్పుడు చెప్పుండ్రి."

చెప్పాను. ఎన్ని ఉన్నాయో, ఎంతున్నాయో, మళ్ళీ ఎప్పుడు పెరుగుతాయో అన్నీ అడిగాడు. కొంచెం ఆగి అడిగాడు.

"నా బట్ట మీద?"

"ఒక్కటి కూడా లేదు."

అవతల ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. లలిత నవ్వినట్టు వినపడింది.

"మల్ల గవి కాపుకచ్చేది ఎన్నడు?" అన్నాడు.

"చలికాలం. కానీ ఇవి ఇంకా పసివి. వచ్చే చలికాలానికి రావు. ఆ పైది కావచ్చు."

"అయితే దసరా కాంగనే ఫోన్ జెయ్యి అక్కా, ఏ యేడన్న గానీ. ఈసారి నేనే నేస్త. ఖరాబుగనే నేస్త."

సరే అన్నాను. ఆయన ఫోన్ పెట్టేయడం మరిచిపోయాడు. ఒక్కొక్క సాంచ మళ్ళీ మొదలవడం, ఎనిమిదీ మొదలయ్యేదాకా, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను.